ఇరవై రెండు గంటల ఇల్లు

అన్న: ముందు లెక్క చూద్దాం తమ్ముడూ, మనసు సంగతి తర్వాత. సౌదీలోని ఈ ఖఫ్జీలో గురువారం సాయంత్రం 5 గంటలకు డ్యూటీ దిగిన మనిషి జగిత్యాల దాకా వెళ్లి, ఆదివారం పొద్దున మళ్లీ డ్యూటీ ఎక్కాలనుకో. దమ్మామ్ విమానాశ్రయం ఇక్కడికి దాదాపు 300 కిలోమీటర్లు. దారిలో ఎక్కడా ఆగకపోయినా మూడు గంటల పైమాటే. విమానం వేళకు మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. దమ్మామ్ నుంచి శంషాబాద్‌కు గాలిలో సుమారు 3,100 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను, ఆ పైన జగిత్యాలకు నాలుగైదు గంటల రోడ్డు. కావలసిన వేళకే విమానం దొరికి, అది ఆలస్యం కాకుండా ఉంటే శుక్రవారం మధ్యాహ్నం 12కు ఇంటి గడప తొక్కుతాడు. శనివారం పొద్దున 10కి ఆ గడప దాటకపోతే అర్ధరాత్రికి ఖఫ్జీ చేరలేడు. ఇంట్లో ఉన్నది 22 గంటలు, దారిలో ఉన్నది 33 గంటలు. ఆ 22లో ఎనిమిది గంటలు నిద్రకు పోతాయి. ఇంకో తిరకాసు కూడా ఉంది. 2013 జూన్‌లో మార్చినప్పటి నుంచి ఇక్కడి వారాంతం శుక్ర, శనివారాలు. మన ఊళ్లో శుక్రవారం బడి ఉంటుంది, చాలా బళ్లకు శనివారమూ ఉంటుంది. తండ్రి ఇల్లు చేరేసరికి పిల్ల బడిలో ఉంటుంది, అతను బయల్దేరేసరికి మళ్లీ బడికి వెళ్లిపోయి ఉంటుంది. ఇంత చేసి ఆ మనిషి ఇంటికి వెళ్లొచ్చాడని ఎలా అంటాం?

తమ్ముడు: మీ లెక్కలో తప్పు పట్టను అన్నా. కొలబద్ద దగ్గరే నాకు పేచీ. దారిలో ఎన్ని గంటలు, అక్కడ ఎన్ని గంటలు అన్న కొలత విహారయాత్రకు సరిపోతుంది. గల్ఫ్ ఇకామా, అంటే నివాస అనుమతి, ఉంటే వీసా అక్కర్లేదని రెండు రోజులకు జార్జియా వెళ్లేవాళ్లున్నారు. వాళ్లను ఆ లెక్క అడగండి, న్యాయం. కొండలు వచ్చే ఏడాదీ అక్కడే ఉంటాయి. ఇల్లు అలా ఆగదు. ఏడాది పిల్ల వచ్చే ఏడాదికి రెండేళ్ల పిల్ల అయిపోతుంది, డెబ్బై ఏళ్ల తల్లి ఇంకో మెట్టు దిగిపోతుంది. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి కనీస సెలవు 21 రోజులు, ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు నిండితే 30. ఏడాదికోసారి చుట్టీ దొరికేవాడు అదృష్టవంతుడే, రెండేళ్లకోసారి వెళ్లేవాళ్లు ఎందరో. అంటే మనం పోల్చవలసింది 22 గంటలను 22 రోజులతో కాదు, ఆ పదకొండు నెలల శూన్యంతో. ఎడబాటు బరువు నెలనెలా ఒకే తూకంలో పెరగదు. మొదటి రెండు నెలలు మనిషి ఓర్చుకుంటాడు, ఎనిమిదో నెలకు పిల్ల తండ్రి దగ్గరికి రావడానికే జంకుతుంది. ఆ పొడవైన ఎడాన్ని నడుమ ఒక్క చోట విరిచినా దాని బలం సగానికి పైగా తగ్గుతుంది. 22 గంటలు చేసే పని అదే.

అన్న: అవసరం పడిన ప్రయాణాల్ని ముందే పక్కన పెడతాను, వాటి మీద నాకు తగాదా లేదు. చట్టం కూడా వాటిని గుర్తించింది. భార్యో, తల్లో తండ్రో, బిడ్డో పోతే ఐదు రోజులు. తోడబుట్టినవాళ్లు పోతే మూడు రోజులని 2025 ఫిబ్రవరి నుంచి అమల్లోకొచ్చిన సవరణలో చేర్చారు. బిడ్డ పుడితే మూడు రోజులు. అలాంటప్పుడు ఒక్క గంట ఉండగలిగినా వెళ్లాల్సిందే. నేను మాట్లాడేది ఏ అవసరమూ లేకుండా, ‘ఒకసారి చూసొస్తే పోలా’ అని మొదలై అలవాటుగా మారే ప్రయాణం గురించి. దానికి టికెట్ ఒక్కటే ఖర్చు కాదు. రెండు నెలల లోపు తిరిగి వచ్చే రీఎంట్రీ వీసాకు 200 రియాళ్లు, రెండు వైపులా కార్లు, ఆ పైన చుట్టీ మీద వచ్చిన మనిషి ఒట్టి చేతులతో గడప తొక్కలేడు కాబట్టి చాక్లెట్లు, సెంట్లు, టైగర్ బామ్‌లు. 22 గంటలకు వచ్చినా, రెండు నెలలకు వచ్చినా వాడకట్టు పెట్టుకునే ఆశ ఒకటే. మనం ఇక్కడికి వచ్చింది అప్పు తీర్చి నాలుగు రాళ్లు వెనకేసుకోవడానికి. ఈ ఊరి సంగతి మరిచిపోకు. సౌదీ, కువైట్ కలిసి నడిపే ఇక్కడి చమురు క్షేత్రం 2014 అక్టోబరులో ఆగిపోతే మళ్లీ ఉత్పత్తి మొదలైంది 2020లో. భూమిలో నూనె తరగలేదు, యంత్రాలు చెడలేదు. రెండు ప్రభుత్వాలకు మాట కుదరక ఊరి ప్రధాన ఆదాయం ఐదేళ్లకు పైగా నిలిచిపోయింది. అలాంటి చోట బతికేవాడికి రేపటి జీతం మీద భరోసా ఎక్కడిది? అతను దాచుకోవాల్సిన డబ్బును నెలకో రెండు నెలలకో గాలిలో కాలుస్తున్నాడు.

తమ్ముడు: మీరు చెప్పిన ఆ మూడు రోజులనే పట్టుకుంటాను. బిడ్డ పుడితే తండ్రికి మూడు రోజులు అని రాసినవాళ్లు ఆ తండ్రి ఉన్న ఊళ్లోనే తల్లీబిడ్డా ఉంటారనుకుని రాశారు. ఖఫ్జీలో ఉన్న తండ్రికి, కరీంనగర్ ఆసుపత్రిలో ఉన్న తల్లికి ఆ మూడు రోజులు సరిగ్గా మీరు తప్పుపడుతున్న ప్రయాణమే అవుతాయి. ఇక డబ్బు. మొదట్లో ఇక్కడే కుటుంబాలతో ఉన్నవాళ్లు ఎందుకు ఒంటరివాళ్లయ్యారో చూడండి. 2017 జులైలో ఇకామా మీద ఉన్న ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టారు. ఏటా వందేసి పెంచుకుంటూ 2020 జులైకి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. అద్దె, బడి ఫీజు దీనికి అదనం. చాలామంది లెక్క వేసుకుని కుటుంబాల్ని ఇంటికి పంపేశారు. అలా మిగిలిన డబ్బులో కొంత ఇప్పుడు విమానానికి పోతోంది. దీన్ని జల్సా అనడం న్యాయం కాదు. కలిసి బతకడానికి కట్టవలసిన డబ్బునే వేరే గుమాస్తాకు కడుతున్నాడు, అంతే.

అన్న: ఆ లెక్క ఒప్పుకుంటాను, అది బలమైన మాటే. అయితే దాని వెంటే వచ్చే ఇంకో మాట వినాలి. రుసుము వేసి కుటుంబాన్ని దూరం చేసిన ఏర్పాటు ఇన్నేళ్లు నడుస్తున్నది ఎందుకు? భరించగలుగుతున్నాం కాబట్టి. రెండు నెలలకోసారి ఇంటి ముఖం చూసి వచ్చినవాడు కంపెనీని కుటుంబాన్ని తెచ్చుకునే ఫ్యామిలీ స్టేటస్ అడగడు, ఇక చాలు వెళ్లిపోదాం అన్న నిర్ణయమూ తీసుకోడు. పంటి నొప్పికి మాత్ర వేసుకుంటూ పోతే పన్ను లోపల పుచ్చిపోతూనే ఉంటుంది. ఇంటివైపు నుంచి కూడా చూడు. 22 గంటలకు వచ్చినవాడు ఇంటాయన అవడు, చుట్టం అవుతాడు. కోడి కోస్తారు, మేనత్తలు, బాబాయిలు వరసగా పలకరించడానికి వస్తారు. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడానికి అర్ధరాత్రి దాటుతుంది. చిట్టీ డబ్బు కట్టలేదన్న సంగతీ, మామకు చక్కెర పెరిగిన సంగతీ ఎవరూ ఎత్తరు. ఒక్క పూటకు వచ్చినవాడి మనసు ఎందుకు పాడుచేయడం అనుకుంటారు. ఫోన్లో అయితే అవన్నీ చెప్పేవాళ్లే. అతను ఇంటి దాకా వెళ్లి, ఇంటి గురించి ఐమో కాల్‌లో తెలిసేదాని కంటే తక్కువ తెలుసుకుని వస్తాడు.

తమ్ముడు: చుట్టరికం గురించి మీరన్నది మొదటి ప్రయాణానికి నిజం. కోడి కోసేది మొదటిసారే అన్నా. నాలుగోసారి వచ్చినప్పుడు పొద్దుటి పప్పే పెడతారు, చూడటానికి ఎవరూ రారు, మోటారు చెడిపోయింది కాస్త చూడమంటారు. మనిషి మళ్లీ ఇంటివాడయ్యేది అప్పుడే. రెండేళ్లకోసారి రెండు నెలలు వచ్చేవాడు ఆ రెండు నెలలూ పెళ్లిళ్లలో, విందుల్లో చుట్టంగానే తిరిగి, ఇంటి పద్ధతి ఒంటబట్టే వేళకు విమానం ఎక్కుతాడు. ఫోన్ సంగతి కూడా చూద్దాం. 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం సడలించాక ఇంటి ముఖాలు అరచేతిలోకి వచ్చాయి, కాదనను. కానీ కెమెరా తిప్పిన వైపే మనకు కనిపిస్తుంది. గోడకు పట్టిన చెమ్మ, అయిపోయినా కొత్తది కొనని మందుల పట్టీ, తల్లి మంచం మీంచి లేచేటప్పుడు గోడను పట్టుకునే తీరు, ఇవి చెబితే తెలిసేవి కావు. చెప్పకపోయినా, ఇంట్లో నిలబడినవాడికి పది నిమిషాల్లో తెలుస్తాయి. నిర్ణయాల మాటకొస్తే, చూడనివాడే వాయిదా వేస్తాడని నా వాదన. రెండేళ్లు చూడనివాడి మనసులో వదిలి వచ్చిననాటి ఇల్లే ఉంటుంది, దాని కోసం ఇంకో రెండేళ్లు కష్టపడతాడు. తరచూ చూసేవాడికే ఇక చాలు అనిపిస్తుంది.

అన్న: సరే, మనసుల సంగతి ఎటూ తేలదు. ఒళ్లు చెప్పేది విందాం. 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని 1997లోనే పరిశోధకులు కొలిచి చూపారు. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. శనివారం పొద్దున ఊళ్లో 6కు లేచిన మనిషి ఖఫ్జీ పొలిమేర చేరే వేళకు మేలుకుని 20 గంటలు దాటుతుంది. దమ్మామ్ రోడ్డు తిన్నగా, మలుపు లేకుండా, చూడటానికి ఏమీ లేకుండా ఉంటుంది. కునుకు పట్టడానికి అంతకంటే మంచి రోడ్డు ఉండదు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అసలు ముప్పు చిన్నదే, కానీ ఇతను మూడు రోజుల్లో అలాంటి ప్రయాణాలు రెండు మూడు చేస్తున్నాడు. ఆదివారం పొద్దున అతను దిగేది ఆఫీసు కుర్చీలోకి కాకపోవచ్చు. గ్యాస్ ఉన్నచోటికో, ఎత్తైన పరంజా మీదికో, క్రేన్ కిందికో దిగుతాడు. అతని నిద్రలేమికి పక్కవాడు బాధ్యుడు కాడు, ముప్పు మాత్రం ఇద్దరికీ సమానం.

తమ్ముడు: దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. దాంతో నా వాదాన్నే కొంత సరిదిద్దుకుంటాను. డ్యూటీ దిగి తనే కారు నడుపుకుంటూ దమ్మామ్ పోవడం తప్పు. నలుగురు కలిసి డ్రైవర్ ఉన్న బండి మాట్లాడుకోవాలి. ఒట్టి వారాంతానికి వెళ్లడం కూడా మానాలి. ఏడాది సెలవులోంచి రెండు రోజులు తీసి వారాంతానికి కలిపితే మీ 22 గంటలు 70 గంటలవుతాయి, దారి మాత్రం పెరగదు. ఫిబ్రవరి 22న సౌదీ స్థాపన దినం, సెప్టెంబరు 23న జాతీయ దినం వారాంతం పక్కన పడితే ఒక్క రోజు సెలవే చాలు. ఈద్‌కు ప్రైవేటు ఉద్యోగికి నాలుగు రోజులు వస్తాయి గానీ, అప్పుడు అందరూ ఎగురుతారు, టికెట్ ధర ఆకాశంలోనే ఉంటుంది. కాబట్టి నా మాట ఇదీ: ఆదివారం తెల్లారే డ్యూటీ ఎక్కేలా వెళ్లవద్దు, ఒక పూట నిద్ర చేతిలో పెట్టుకుని వెళ్లాలి. 2021 మార్చి 14 నుంచి రీఎంట్రీ కోసం యజమాని అనుమతి అక్కర్లేదు, ప్రభుత్వ యాప్ అబ్షిర్‌లో మనమే తీసుకోవచ్చు. అంతకుముందు ఇలాంటి ప్రయాణం తలపెట్టడమే కష్టం.

అన్న: ఆ సంస్కరణలో చేరనివాళ్లు ఎవరో కూడా చెప్పు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటల్లో, గొర్రెల మందల దగ్గర పనిచేసేవాళ్లు. గల్ఫ్‌కు వచ్చిన మనవాళ్లలో వాళ్లు తక్కువా? రీఎంట్రీ చేతికి వచ్చినా సెలవు ఇవ్వాల్సింది కంపెనీయే. చట్టం తప్పనిసరి చేసిన వారపు సెలవు ఒక్క రోజే, శుక్రవారం. వారానికి ఆరు రోజులు, 48 గంటలు పనిచేసే లేబర్ క్యాంపు మనిషికి వారాంతం అన్న మాటే లేదు. నువ్వు ఇంతసేపూ చెప్పిన మమకారమంతా రెండు రోజుల వారాంతం, నెల జీతంలో టికెట్ ధర మిగిలే ఉద్యోగం ఉన్నవాడిది. క్యాంపు మనిషి తల్లికి కూడా డెబ్బై ఏళ్లే. ఇంకొకటి. దమ్మామ్ నుంచి హైదరాబాద్‌కు ఒక రానుపోను ప్రయాణంలో మనిషి వాటాకు సుమారు అర టన్ను కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. మన దేశంలో సగటు మనిషి వాటా ఏడాది మొత్తానికి రెండు టన్నుల చిల్లర. ఏడాదికి ఆరుసార్లు ఎగిరితే మూడు టన్నులు. 2018లో ప్రపంచ జనాభాలో విమానం ఎక్కినవాళ్లు 11 శాతమేనని, ప్రయాణికుల విమానాలు వదిలే కర్బనంలో సగానికి కారణం 1 శాతం మందేనని ఒక అధ్యయనం తేల్చింది. ఎండ ముదిరిందని జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బయట పని ఆపిస్తున్నారే, ఆ ఎండలో మిగతా గంటలన్నీ నిలబడేది రెండేళ్లకోసారి విమానం ఎక్కేవాడు.

తమ్ముడు: ఖఫ్జీలో నిలబడి కిరసనాయిలు గురించి నీతి చెప్పడం విడ్డూరమే అనొచ్చు, కానీ ఆ మాట వెనక దాక్కోను. ఆరు ప్రయాణాలు ఒక్కడికి ఎక్కువే, మూడు చాలంటాను. అయితే ఎవరిని ముందు మానమనాలి? రెండు రోజుల సరదాకు ఎగిరేవాడు ముందు మానాలి, తెర మీద తేలిపోయే మీటింగుకు ఎగిరేవాడు తర్వాత. పిల్లను చూడటానికి ఎగిరేవాడు ఆ వరసలో చివర ఉండాలి. కుటుంబాన్ని ఇక్కడే ఉంచుకున్నా గాలి బాగుపడేది కాదు. సౌదీలో తలసరి వాటా 15 టన్నుల పైనే.

అన్న: ఆ సగటులో శుద్ధి కర్మాగారాలూ, ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంట్లూ కలిసి ఉన్నాయి. నీ భార్యాపిల్లలు వచ్చి మూడు గదుల ఫ్లాట్‌లో ఉన్నంత మాత్రాన అదంతా వాళ్ల ఖాతాలో పడదు.

తమ్ముడు: నిజమే, ఆ మాట వెనక్కి తీసుకుంటాను. క్యాంపు మనిషి గురించి మీరన్నదానికి మాత్రం జవాబుంది. అతనికి దొరకనిది నేనూ వదులుకుంటే అతని తల్లికి ఏం ఒరుగుతుంది? అతనికీ దొరకాలని అడగడం న్యాయం. 21 రోజుల్ని ముక్కలుగా వాడుకునే వీలు కాంట్రాక్టులో రాయమనాలి, టికెట్ రెండేళ్లకోసారి కాకుండా ఏటా ఇమ్మనాలి.

అన్న: అడగాలి, సరే. అడిగేవాడు ఎవరు? ఇల్లు చూసి వచ్చి కడుపు నిండినవాడు క్యాంపువాడి కోసం అడగడం నేను ఎక్కువగా చూడలేదు. అందుకే నా పరీక్ష ఒకటి చెబుతాను. వెళ్లకపోతే అక్కడ ఎవరికైనా లోటు జరుగుతుందా, లేక వెళ్లడం వల్ల నా గుండె బరువు మాత్రమే దిగుతుందా అని ప్రతి టికెట్ ముందూ ప్రశ్నించుకోవాలి. మొదటిదైతే అప్పు చేసైనా వెళ్లు. రెండోదైతే ఆ డబ్బు, ఆ రోజులు దాచి ఒకేసారి నెల రోజులు ఉండు. పిల్లకు బడి సెలవులున్నప్పుడు ఉండు.

తమ్ముడు: మంచి పరీక్షే, కానీ దాని జవాబు ఆలస్యంగా వస్తుంది. ఏ ప్రయాణం అవసరమైనదో తర్వాతే తెలుస్తుంది అన్నా. మీరు మొదట్లో చెప్పిన సెలవులు మళ్లీ చదవండి. తల్లి పోయాక ఐదు రోజులు ఇస్తుంది చట్టం. తల్లి ఉండగా, మంచం పట్టి ఉండగా వెళ్లి పక్కన కూర్చోవడానికి ప్రత్యేకంగా ఒక్క రోజు కూడా రాసిపెట్టలేదు. తమ్ముడు పోయాక మూడు రోజులు. తమ్ముడితో పొలం గట్టు మీద ఒక పూట కూర్చోవడానికి ఏ లెక్కలోనూ రోజు లేదు. కార్యానికి తీసుకెళ్లే విమానం ఎక్కితే ఎవరూ దండగ అనరు. అదే మనిషి ఆర్నెల్ల ముందు, తల్లి తిని తిరుగుతున్నప్పుడు అదే విమానం ఎక్కితే లెక్కలు తీస్తాం. చట్టం రాయని ఆ సెలవును మనిషి తన వారాంతంలోంచి కోసుకుంటున్నాడు.

అన్న: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉందని నటించను. కానీ నా లెక్క కూడా చెరిగిపోలేదు. 300 కిలోమీటర్ల రోడ్డు తరగదు, క్యాంపు మనిషికి రెండో రోజు పుట్టదు, 22 గంటలు 23 కావు. వెళ్లేటప్పుడు గడియారం రెండున్నర గంటలు మింగేస్తుంది, వచ్చేటప్పుడు నయాపైసాతో సహా తిరిగి ఇచ్చేస్తుంది. ఇచ్చేది మాత్రం జగిత్యాలలో ఇవ్వదు తమ్ముడూ, దమ్మామ్‌లో దిగాక ఇస్తుంది.

తమ్ముడు: ఆ రెండున్నర గంటలు నిద్రకు పనికొస్తాయి అన్నా. ఆదివారం డ్యూటీ ఉంది కదా.